ఫుల్ ఫ్రేమ్ కెమెరా కోసం లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ అయిపోగానే ఫొటోగ్రఫీలోకే వెళ్తానంటోంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా లేకపోతే ఎవరూ పని ఇవ్వరట. లోన్ తీసుకుని కొనివ్వమంటారా?

జవాబు: లోన్ మాత్రం వద్దమ్మా. పని ఇచ్చేవాళ్లు ముందు చూసేది తను తీసిన ఫొటోలు, కెమెరాలో సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్) ఏదని అడిగేవాళ్లు తక్కువ.

అలాగని తేడా లేదనను. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ., చిన్న సైజుదైన క్రాప్ సెన్సర్ సుమారు 23.5×15.6, కెనాన్‌లో ఇంకాస్త చిన్నది. అందుకే క్రాప్ బాడీకి (బాడీ అంటే లెన్స్ లేని కెమెరా) 50 ఎంఎం లెన్స్ పెడితే ఫుల్ ఫ్రేమ్‌లో 75 పెట్టినంత ఇరుగ్గా కనిపిస్తుంది, చిన్న గదిలో నలుగురినీ ఫ్రేమ్‌లోకి తేవాలంటే వీపు గోడకు తగిలేదాకా వెనక్కి జరగాలి. పక్షుల ఫొటోలకు అదే లాభం, 300 లెన్స్‌తో 450 అంత దగ్గరగా కనిపిస్తాయి. స్టూడియోలో ప్రొడక్ట్ ఫొటోలు తీసేవాళ్లకు లైట్లు, ట్రైపాడ్ ఉంటాయి కాబట్టి పెద్ద పట్టింపు లేదు. ఫుల్ ఫ్రేమ్ అసలు బలం తెలిసేది మసక వెలుతురులో, రాత్రి పెళ్లిళ్లు, స్టేజీ ప్రోగ్రాముల్లో. అక్కడ దాదాపు ఒక స్టాప్ మెరుగు, అంటే వెలుతురు రెట్టింపైనంత తేడా.

కానీ డబ్బంతా బాడీకే పోసేసి దానికి ఎఫ్5.6 కిట్ లెన్స్ (కెమెరాతో పాటే వచ్చే మామూలు లెన్స్; ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత వెలుతురు) తగిలించారనుకోండి, ఎఫ్1.8 లెన్స్ పెట్టిన క్రాప్ కెమెరాలోకి మూడు స్టాపులకు పైగా ఎక్కువ వెలుతురు వస్తుంది, ఆ ఒక్క స్టాప్ లాభం కాస్తా ఎటో పోతుంది. ఈ లెక్క పిల్లలకు ఎవరూ చెప్పరు, యూట్యూబ్ రివ్యూలన్నీ బాడీల చుట్టూనే తిరుగుతాయి మరి.

అందుకని సెకండ్ హ్యాండ్‌లో మంచి క్రాప్ బాడీ, షటర్ కౌంట్ (దాంతో ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారన్న లెక్క) చూసి మరీ తీసుకోండి. దాంతోపాటు 35 ఎంఎం ఎఫ్1.8 ఒకటి, ఒక ఫ్లాష్. లెన్స్ మాత్రం ఫుల్ ఫ్రేమ్‌కూ సరిపోయేదే కొనండి, ఎందుకంటే క్రాప్ లెన్స్‌ను రేపు 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ బాడీకి పెడితే సెన్సర్ మధ్య భాగమే వాడుకుని సుమారు 10 మెగాపిక్సెళ్లే ఇస్తుంది, కొన్ని కంపెనీల్లో అయితే అసలు పట్టనే పట్టదు.

ఈలోగా ఎవరైనా సీనియర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరమనండి, వీలైతే కెమెరా కొనకముందే. ఆయన వాడే కంపెనీ కెమెరానే తీసుకుంటే లెన్స్‌లు అడిగి వాడుకోవచ్చు. పెళ్లి ఆర్డర్ వస్తే ఆ రోజుకి ఫుల్ ఫ్రేమ్ అద్దెకు తెచ్చుకోవచ్చు, ఒక కార్డు పాడైనా ఫొటోలు పోకుండా రెండు కార్డు స్లాట్లున్నది చూసుకుని. అలా అద్దెలే తడిసి మోపెడవుతుంటే అప్పుడు కొనండి, అదీ తన సంపాదనలోంచి.