మార్కుల్లేని ప్రోగ్రెస్ రిపోర్టు చూసి కంగారు పడుతున్నారా?

ప్రశ్న: మా బాబు హైదరాబాద్‌లో ఒక ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియేట్) స్కూల్లో నాలుగో తరగతి చదువుతున్నాడు. అక్కడి పీవైపీలో, అంటే ఐబీ వాళ్ల ప్రైమరీ చదువులో, పరీక్షలు లేవు, ర్యాంకులు లేవు. రిపోర్టులో మార్కులకు బదులు పేరాలు రాసి పంపుతున్నారు. మా ఆడపడుచు కూతురు అదే తరగతిలో ఉండి ఒలింపియాడ్‌కు ప్రిపేర్ అవుతోంది. మావాడు వెనకబడిపోతున్నాడేమోనని టెన్షన్‌గా ఉంది. కేంబ్రిడ్జ్ సిలబస్ ఉన్న స్కూలుకు మార్చమంటారా, సీబీఎస్ఈకా?
– ఒక తల్లి, కొండాపూర్

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆడపడుచు కూతురు ఏం చదువుతోందో ఉంది. మీవాడికి ఏది వచ్చు, ఏది రాదు అన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. ఒకరు తోడికోడలి కొడుకు అంటారు, ఒకరు ఎదురు ఫ్లాట్ అమ్మాయి అంటారు, అంతే తేడా. పదిమందిలో చెప్పుకోవడానికి చేతిలో ఒక అంకె లేదన్నదే మీ దిగులు. అది బాబు సమస్య కాదు.

పీవైపీలో ఐబీ బయటి నుంచి పరీక్ష పెట్టదు, నిజమే. అంతమాత్రాన పిల్లల్ని ఎవరూ అంచనా వేయడం లేదని కాదు. నీళ్ల మీద ఒక యూనిట్ నడుస్తోందనుకోండి. కారే కొళాయి కింద మగ్గు పెట్టి, పది నిమిషాలకు ఎన్ని నీళ్లు చేరాయో కొలవమంటారు. 150 మిల్లీలీటర్లు వచ్చాయి. గంటకు 900, రోజుకు 21.6 లీటర్లు. ఇందులో కొలత, గుణకారం, దశాంశం మూడూ ఉన్నాయి. పిల్లాడు పది నిమిషాల నుంచి గంటకు ఎలా వెళ్లాడు, మిల్లీలీటర్లను లీటర్లు చేసేటప్పుడు తడబడ్డాడా, ఎందుకలా చేశావంటే చెప్పగలిగాడా అన్నవి టీచర్ రాసుకోవాలి. మీ చేతికొచ్చే పేరా అలాంటి రాతల్లోంచి రావాలి.

రావాలి అంటున్నాను, ఎందుకంటే చాలాచోట్ల రావడం లేదు. ‘చురుగ్గా పాల్గొంటున్నాడు, ఆసక్తి చూపిస్తున్నాడు’ అన్న వాక్యం ఏ పిల్లాడి పేరు కిందైనా అతుకుతుంది. ఈ పద్ధతి భారమంతా టీచర్ మీదే ఉంటుంది. ఏడాది మధ్యలో టీచర్ మారిపోతే, పిల్లాడు చేసిన పనులు దాచే పోర్ట్‌ఫోలియో కాస్తా ఫొటో ఆల్బమ్ అయిపోతుంది. పీవైపీ చివరి ఏడాదిలో ఎగ్జిబిషన్ ఉంటుంది. పిల్లలు తామే ఒక సమస్య ఎంచుకుని, పరిశోధించి, అందరి ముందు వివరించాలి. మంచి ఆలోచనే. కానీ నిగనిగలాడే ఫ్లెక్సీ ముందు నిలబడి, అమ్మ రాసిచ్చిన పేరాని అప్పజెప్పే పిల్లల్ని చూస్తే నాకు జాలేస్తుంది. ఇక బోర్డు మీద ‘ఇంటర్నేషనల్’ అని ఉన్నంత మాత్రాన ఐబీ గుర్తింపు ఉన్నట్టు కాదు. ‘క్యాండిడేట్’ స్కూలు అంటే ఇంకా గుర్తింపు రాలేదని అర్థం. ఐబీ వెబ్‌సైట్‌లో స్కూలు పేరు వెతికితే తెలిసిపోతుంది. లక్షల్లో ఫీజు కట్టేవాళ్లు ఆ ఐదు నిమిషాలు ఎందుకు వెచ్చించరో నాకు అర్థం కాదు.

కేంబ్రిడ్జ్ ప్రైమరీలో ఆరు స్టేజీలు. మూడో స్టేజి నుంచి ప్రోగ్రెషన్ టెస్టులు ఉంటాయి, వాటిని స్కూలు టీచర్లే దిద్దుతారు. స్కూలు ఎంచుకుంటే ఆరో స్టేజి చివర చెక్‌పాయింట్ అనే పరీక్ష కూడా ఉంటుంది. ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు పేపర్లను కేంబ్రిడ్జే దిద్దిస్తుంది. ఫలితం 50కి ఇస్తారు, పాసు, ఫెయిలు ఉండవు. ఏ భాగంలో బలహీనంగా ఉన్నాడో చూపించడమే దాని పని. అంటే మీరు కోరుకునే అంకె అక్కడ దొరుకుతుంది, కానీ ర్యాంకు దొరకదు. అందుకోసం స్కూలు మార్చడం దండగ.

సీబీఎస్ఈ సంగతి వేరు. ముందు ముందు జేఈఈ వైపే పంపాలని ఇంట్లో గట్టిగా అనుకుంటే, ప్రైమరీ ముగిశాక ఆరో తరగతిలో మార్చండి. హిందీ, తెలుగు రాత, లెక్కల్లో వేగం, ఈ మూడింటి దగ్గర మొదట్లో ఇబ్బంది పడతాడు. ఆ వయసులో పిల్లలు త్వరగానే సర్దుకుంటారు, కంగారు పడకండి. పగలు పీవైపీ, సాయంత్రం ఐఐటీ ఫౌండేషన్ అని మాత్రం మొదలుపెట్టకండి. రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. తొమ్మిదేళ్ల వాడమ్మా, వాడికి సాయంత్రం ఆడుకునే టైమ్ కావాలి.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు ‘ఎలా చదువుతున్నాడు?’ అని అడక్కండి. ఏడాది మొదట్లో సొంతంగా రాసిన ఒక పేజీ, ఈ నెల రాసిన ఒక పేజీ పక్కపక్కన పెట్టి చూపించమనండి. లెక్కలవీ అలాగే. ఐఎస్ఏ (ఇంటర్నేషనల్ స్కూల్స్ అసెస్‌మెంట్) లాంటి బయటి పరీక్ష ఏదైనా రాయిస్తున్నారేమో కనుక్కోండి. ఆస్ట్రేలియాకు చెందిన ఏసర్ సంస్థ మూడో తరగతి నుంచి దాన్ని పెడుతోంది, చాలా ఇంటర్నేషనల్ స్కూళ్లు వాడుతున్నాయి. ఇంట్లో మీరూ ఒకటి చేయండి. నెలాఖరున పాల బిల్లు వాడి చేతికిచ్చి, మనం వద్దన్న రోజులు తీసేసి ఎంత కట్టాలో చెప్పమనండి. తప్పు చేస్తే వెంటనే దిద్దకుండా, ఎలా చేశాడో అడిగి వినండి.

టీచర్ ఆ పేజీలు చూపించి, ఇక్కడ మెరుగయ్యాడు, ఇక్కడ ఇంకా కష్టపడుతున్నాడు అని వేలుపెట్టి చెప్పగలిగితే బాబుని అక్కడే ఉంచండి. రెండు నెలలు అడిగినా పేజీలు బయటికి రాకపోతే మాత్రం, వచ్చే ఏడాది ఫీజు కట్టకముందే వేరే స్కూలు చూసుకోండి.