గుమ్మాలకు పైన్ ఎందుకు పనికిరాదు? హార్డ్‌వుడ్, సాఫ్ట్‌వుడ్ తేడా

డల్లాస్‌లో మీ అన్నయ్యగారి ఇల్లు పైన్ కర్రతోనే కట్టారని, ఇక్కడ గుమ్మాలకు అదే పెడతానంటే మేస్త్రీ ఒప్పుకోవడం లేదని రాశారు. మాది వడ్రంగం చేసే ఇల్లు, నేనూ ఉలి, బాడిస మధ్యే పెరిగాను. మీ మేస్త్రీ చెప్పింది సరైన మాటేనండి.

గట్టిదైతే హార్డ్‌వుడ్, మెత్తదైతే సాఫ్ట్‌వుడ్ అనుకోకండి. వెడల్పాటి ఆకులుండి పూలు పూసే టేకు, వేప, నల్లమద్ది, పనస లాంటివి హార్డ్‌వుడ్. సూదుల్లాంటి ఆకులుండే పైన్, దేవదారు సాఫ్ట్‌వుడ్. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి ఎంతో తేలిక, ఎంతో మెత్తన, అయినా లెక్కకు అది హార్డ్‌వుడ్డే. బూరుగూ అంతే.

పైన్ చెట్టు తిన్నగా, తొందరగా పెరుగుతుంది. కర్ర తేలిగ్గా ఉంటుంది, మేకు సులువుగా దిగుతుంది, బరువుకు మించిన బలం ఉంటుంది. అమెరికా ఇళ్లలో అది గోడ లోపల పొడిగా ఉంటుంది. కాంక్రీటును ఆనుకునే అడుగు కర్రకు మాత్రం అక్కడా చెద, కుళ్లు పట్టకుండా మందు ఎక్కించిన కలపే వాడతారు. మన గుమ్మం అలా కాదు. తడి సిమెంటులో నిలబడుతుంది, ఎండావానలకు ఎదురుగా ఉంటుంది, గడప కడిగినప్పుడల్లా నీళ్లు పీలుస్తుంది, కిందనుంచి చెదలు ఎక్కుతాయి. మందు లేని పైన్ అక్కడ నిలవదు.

అలాగని టేకు అన్న పేరు విని డబ్బు పెట్టేయకండి. ఈ విషయం మాత్రం గట్టిగా చెబుతాను: చూడాల్సింది చేవ. దుంగ మధ్యలో ముదురు రంగులో ఉండేది చేవ, దాని చుట్టూ బెరడు దాకా పాలిపోయి ఉండేది తెల్లచెక్క. టేకును చెద ముట్టదనే మాట చేవకే చెల్లుతుంది, చెదకు గిట్టని పదార్థాలు ఉండేది అందులోనే. తెల్లచెక్కను పురుగు తినేస్తుంది. చిన్న వయసులో నరికిన తోట టేకులో ఈ తెల్ల భాగమే ఎక్కువ. రంగు పూసిన కర్ర ఎప్పుడూ తీసుకోకండి, డిపోలోనే ఒక మూల చిత్రిక పట్టించి చూడండి. టేకు అందుబాటులో లేకపోతే బాగా చేవదేరిన వేప తీసుకోండి. తెల్లచెక్క టేకు కంటే నా దృష్టిలో అదే మేలు.

తర్వాత చూడాల్సింది ఎండు. కర్ర పొడవునా దాదాపు మారదు, అడ్డంగానే ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. అందుకే పచ్చికర్ర తలుపు వేసవిలో బీటలిచ్చి వానాకాలంలో పట్టేస్తుంది. కోత అయ్యాక వరుసల మధ్య సన్న బద్దలు పెట్టి, గాలి ఆడే నీడలో పేర్చాలి. అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. అంత సమయం లేకపోతే కిల్న్‌లో, అంటే వేడితో కలప ఆరబెట్టే గదిలో, ఆరబెట్టిన కర్ర అడగండి, తేమ 12 శాతం దగ్గర ఉందో లేదో మీటరుతో చూపించమనండి.

లోపలి గదుల్లో అల్మారాలకు, పుస్తకాల అరలకు పైన్ నిస్సంకోచంగా వాడుకోవచ్చు. పాలిష్‌ను మచ్చలు మచ్చలుగా పీలుస్తుంది కాబట్టి దానికి పెయింటే నప్పుతుంది. ముడుల దగ్గర జిగురు ఊరి పెయింట్ మీద పసుపు మరక తేలుతుంది, అక్కడ ముందుగా షెల్లాక్ అనే లక్క పూత పూయించండి.