ఎమ్మెస్సీ మ్యాథ్స్ కోసం ఎఫ్‌డీ తియ్యాలా?

ప్రశ్న: మాది తెనాలి. చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి బీఎస్సీ ఫైనలియర్. ప్యూర్ మ్యాథ్స్‌లో ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ రెండేళ్లకు 4 లక్షలు చెప్పింది. పెళ్లికని దాచిన 7 లక్షల ఎఫ్‌డీ వచ్చే నెల మెచ్యూర్ అవుతుంది. అది తియ్యాలా, చిట్టీ పాడాలా? బంధువులేమో ఎంసీఏ చేయించమంటున్నారు.

జవాబు: ముందు ఆ 4 లక్షల సంగతి. కట్టకండి. ఈ సబ్జెక్టులో మంచి చోట్లే చవక. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి ‘జామ్’ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ఎంట్రన్స్ ఉంది. ప్రైవేటుతో పోలిస్తే వీటి ఫీజులు చాలా తక్కువ. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎం.మ్యాథ్ (మ్యాథ్స్‌లో పీజీ) చేసేవాళ్ల దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకోకపోగా నెలనెలా స్టైపెండ్ ఇచ్చే పద్ధతి చాలాకాలంగా ఉంది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు ఉంటుంది, మెరిట్‌ను బట్టి మినహాయింపులూ ఉంటాయి. ఈ ఏడాది ప్రాస్పెక్టస్‌లు మాత్రం ఒకసారి చూసుకోండి.

కాబట్టి డబ్బు కన్నా ముందు తేలాల్సింది అమ్మాయి తయారీ. జామ్ 3 గంటలు, 100 మార్కులు, ఏటా ఫిబ్రవరిలో. ఎం.మ్యాథ్ పరీక్షలో ప్రూఫ్‌లు రాయాలి. ఒక సీక్వెన్స్ (సంఖ్యల వరుస) కన్వర్జ్ అవుతుందని, అంటే ఒక విలువకు చేరువవుతుందని తెలిస్తే చాలదు, ఎందుకవుతుందో మెట్టుమెట్టుగా రాసి చూపించాలి. ఇంపార్టెంట్ క్వశ్చన్లు బట్టీపట్టి డిగ్రీలో 90 శాతం తెచ్చుకున్న పిల్లలు సరిగ్గా ఇక్కడే తడబడతారు. పాత పేపర్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండు ఆదివారాలు టైమ్ పెట్టి రాయించండి. చేతికి చిక్కని లెక్కను కూడా వదలకుండా పట్టుకు కూర్చుంటోందంటే, అవసరమైతే ఒక ఏడాది ఇంట్లో ఉండి ప్రిపేర్ కావడానికి ఖర్చు పెట్టడంలో నష్టం లేదు.

అసలు ఖర్చు ఎక్కడొస్తుందంటే, ఆ ఎదురుచూపుల్లో. ఎంట్రన్స్ కోసం ఒక ఏడాది, ఎమ్మెస్సీ అయ్యాక జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చేదాకా మరో ఏడాది పోవచ్చు. దానికి రాయాల్సిన సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష ఏడాదికి రెండుసార్లే. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000, పైన హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం). పీహెచ్‌డీలో చేరాక అమ్మాయి మీ దగ్గర పైసా అడగదు. జేఆర్‌ఎఫ్ రాకపోతే మాత్రం నెట్‌తో లెక్చరర్ అర్హత, లేదంటే ఇంటర్ కాలేజీల్లో పాఠాలు. ప్రభుత్వ జేఎల్ (జూనియర్ లెక్చరర్) నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం, దాన్ని లెక్కలో వేసుకోకండి.

చిట్టీ అసలొద్దు. తొందరపడి పాడితే తగ్గించుకున్న మొత్తంలో చాలా భాగం మీకు నష్టమే, ఆపైన కొట్టు ఆదాయం ఎలా ఉన్నా వాయిదా ఆగదు. హాస్టల్, తిండి, ప్రయాణాలకు నెలకు 10,000 అనుకున్నా రెండేళ్లకు 2.4 లక్షలు. అది కూడా చేతి నుంచి పెట్టలేకపోతే ఎడ్యుకేషన్ లోన్ చూడండి. మామూలుగా 4 లక్షల దాకా తాకట్టు అడగరు, కోర్సు అయ్యాక ఏడాది వరకు కిస్తీ మొదలవదు. ఎంపికైన విద్యాసంస్థల్లో సీటొచ్చి, ఇంటి ఆదాయం 8 లక్షల లోపుంటే పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర పథకం కింద 3 శాతం వడ్డీ రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఎంసీఏ మంచి చదువే. ఇష్టంలేని పిల్లతో చేయించేంత మంచిది మాత్రం కాదు.

ఇక ఎఫ్‌డీ. మెచ్యూర్ కాగానే మొత్తం ఒకే డిపాజిట్‌గా రెన్యువల్ చేయకుండా మూడు ముక్కలు చేయండి. లక్షన్నర ఏడాదికి, ఎంట్రన్స్ ఖర్చులకీ అడ్మిషన్‌కీ. రెండున్నర లక్షలు రెండేళ్లకు, హాస్టల్ కోసం. మిగతా 3 లక్షలు నాలుగేళ్లకు. జేఆర్‌ఎఫ్ ఆలస్యమైతే ఆ గ్యాప్‌కి పనికొస్తాయి, తొందరగా వస్తే మీరనుకున్నట్టు పెళ్లికే ఉంటాయి. బ్యాంకువాళ్లు ఆటో రెన్యువల్ పెట్టారేమో ఈ వారమే వెళ్లి కనుక్కోండి.