నీలం ఫెరారీకి ఎరుపు వేయకు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు పాత లోహపు రేసింగ్ బొమ్మ కార్ల ఫొటోలూ పెద్దవి చేసుకుని చాలాసేపు చూశాను. మూడింటినీ విప్పి, పాత రంగు గీకేసి, కొత్తవాటిలా మెరిపిస్తానని రాశావు. నీ ఉత్సాహం చూసి చాలా సంతోషం కలిగింది. కానీ నా మాట వింటే మూడింటిలో ఒక్కదానికే రంగు వేస్తావు, అదీ తప్పనిసరైతేనే. ఈ పనిలో చేతి నేర్పు నాలుగు కార్లు బాగుచేస్తే వస్తుంది. ఏ కారు జోలికి వెళ్లకూడదో తెలుసుకోవడమే కష్టం. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

ముందు ఆ పాత వెండి రంగు కారు సంగతి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదని నువ్వు అనుకున్నది నిజమే కావచ్చు. ముక్కు మీద సాలెగూడులా సన్నటి బీటలు కనిపిస్తున్నాయి, తోక కొంచెం వంగి ఉబ్బింది. అది దెబ్బ తగిలి వచ్చిన బీట కాదు. దాన్ని జింక్ పెస్ట్ అంటారు. ఈ బొమ్మలను జింక్‌లో సుమారు 4 శాతం అల్యూమినియం, కాస్త రాగి, మెగ్నీషియం కలిపిన జమాక్ అనే మిశ్రమంతో పోత పోస్తారు. ఆ మిశ్రమంలో సీసం ఏ కొంచెం కలిసినా లోహపు రేణువుల అంచులు ఏళ్ల తరబడి లోలోపల తినేసుకుపోతాయి. ఇప్పటి ప్రమాణాల ప్రకారం సీసం 0.005 శాతం దాటకూడదు. 1930ల నాటి పోత కర్మాగారాల్లో అన్నిసార్లూ అంత శుభ్రత ఉండేది కాదు. దీనికి మందు లేదు. బీటల్లో జిగురు నింపినా, పుట్టీ పెట్టినా, లోపలి లోహం ఉబ్బడం ఆగదు, పైన వేసిన రంగు కూడా పగులుతుంది. తేమ తగలని చోట, ఎండ పడని చోట, దేనికీ ఒరగకుండా పెట్టు. నాలుగు వైపుల నుంచీ మంచి ఫొటోలు తీసి ఉంచు. పక్కనున్న కార్లకు అంటుకుంటుందని కొందరు భయపెడతారు. అది అంటురోగం కాదు, నిశ్చింతగా ఉండు.

రెండోది నీలం టాల్బో-లాగో. దీన్ని చూస్తే నాకు ప్రాణం లేచి వచ్చింది. లివర్‌పూల్‌లో మెకానో కంపెనీ తయారుచేసిన డింకీ టాయ్స్‌లో 1950ల నాటి రేసింగ్ కార్ల వరుస ఒకటి ఉంది. 230 నంబరుతో టాల్బో-లాగో, 231 మాసెరాటి, 232 ఆల్ఫా రోమియో, 233 కూపర్-బ్రిస్టల్, 234 ఫెరారీ. అప్పట్లో రేసు కారు రంగు దేశాన్ని బట్టి ఉండేది. ఫ్రాన్స్‌ది నీలం, ఇటలీది ఎరుపు, బ్రిటన్‌ది ఆకుపచ్చ. నీ టాల్బో ఫ్రెంచి నీలంలోనే ఉంది. ముక్కు మీదా చక్రాల పైనా పెచ్చులు లేచాయని బాధపడుతున్నావు. నేల మీద తోసి ఆడుకున్న పిల్లల చేతుల వల్ల వచ్చినవి అవి. ఆ రంగు కర్మాగారంలో వేసింది. ఒకసారి గీకేస్తే ఎంత డబ్బు పోసినా తిరిగి రాదు. పెచ్చులున్న అసలు రంగు కారును, దోషం లేకుండా కొత్త రంగు వేసిన కారు కంటే మేలైనదిగా సేకర్తలు ఎంచుతారు. నా అభిప్రాయమూ అదే.

అందుకని దాన్ని కడుగు, చాలు. గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి, మెత్తని బ్రష్‌తో పై నుంచి కిందికి తుడువు. నానబెట్టవద్దు. ఇరుసులు ఉక్కువి, అడుగున ఉన్నది రేకు, రెండూ తుప్పు పట్టేవే. నంబరు అంటించిన చోట బ్రష్ ఆనించకు, తడి గుడ్డతో అద్దు. వెంటనే ఆరబెట్టి, ఇరుసు చివర సూది మొనతో ఒక చుక్క నూనె వేయి. టైరు రబ్బరు గట్టిపడి చీలిపోతే కొత్తది వేయవచ్చు. కానీ పాతది పారేయకు, చిన్న కవరులో వేసి కారు పేరు రాసి దాచు.

ఇక మూడోది. ఎవరో బ్రష్‌తో దట్టంగా ఎర్ర రంగు పూసినది. నువ్వు "ఫెరారీ కాబట్టి మంచి ఎరుపు కొంటాను" అని రాశావు. ఆగు. డింకీ వాళ్లు ఈ ఫెరారీని ఎరుపులో అమ్మలేదు. శరీరం నీలం, ముక్కు పసుపు. అవి అర్జెంటీనా రేసింగ్ రంగులు. నమ్మకం కుదరకపోతే కారును తిరగేసి, అడుగు రేకుకూ శరీరానికీ మధ్య సందులో టార్చి వేసి చూడు. బయట ఎన్ని పూతలు పూసినా లోపలి అంచుల్లో మొదటి రంగు జాడ మిగిలే ఉంటుంది. ఏ రంగు కొనాలన్నా కొలబద్ద అదే. డబ్బా మూత మీది బొమ్మను నమ్మకు. ఒక పాత రేకు ముక్క మీద కొట్టి, ఆరనిచ్చి, పగటి వెలుతురులో పక్కన పెట్టి పోల్చు.

అంతకంటే ముందు ఇంకో ప్రయత్నం చేయి. కర్మాగారపు ఎనామిల్‌ను వేడిలో గట్టిపరుస్తారు కనుక, దాని మీద ఎవరో ఇంట్లో పూసిన రంగు తరచుగా దానికంటే బలహీనంగా ఉంటుంది. దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, అడుగున కనిపించని చోట మెల్లగా రుద్దు. పుల్లకు ఎరుపు అంటి, కింద నీలం చెక్కుచెదరకుండా బయటపడితే నీ అదృష్టం. గోరంత గోరంతగా, రోజుల తరబడి, ఆ ఎరుపునే తీసుకుంటూ వెళ్లు. అప్పుడు రంగు డబ్బా తెరిచే పనే ఉండదు. ఎరుపుతో పాటు నీలమూ వచ్చేస్తుంటే, లేదా కింద ఉట్టి లోహమే ఉంటే, అప్పుడు పూర్తిగా దిగు.

దిగేముందు జాగ్రత్త. ఆ కాలపు రంగుల్లో సీసం ఉంటుంది. పొడిగా గీకి దుమ్ము లేపవద్దు. గరుకు కాగితం వాడితే నీటితో తడిపి వాడు, చేతికి తొడుగులు వేసుకో, వంటింట్లో పెట్టుకోకు, చిన్నపిల్లలను దగ్గరికి రానీయకు.

విప్పడానికి, అడుగు రేకును పట్టి ఉంచే పోత మేకు తలను తీయాలి. సెంటర్ పంచ్‌తో నడిమధ్య చిన్న గుంట పెట్టి, డ్రిల్లును నెమ్మదిగా తిప్పుతూ, పుట్టగొడుగులా విచ్చుకున్న తలను మాత్రమే చెక్కు. రేకు కదలగానే ఆపు. లోతుకు పోతే తిరిగి బిగించడానికి మేకు మిగలదు. కళ్లద్దాలు మరిచిపోకు. మేకు లావుగా ఉంటే తర్వాత 1.6 మిల్లీమీటర్ల రంధ్రం చేసి ఎం2 మర (2 మిల్లీమీటర్ల స్క్రూకి సరిపోయేది) కోయవచ్చు. మర కోసే పనిముట్టయిన ట్యాపును అర చుట్టు ముందుకు, కొంచెం వెనక్కి తిప్పుతూ, నూనె వేస్తూ వెళ్లు. సన్నగా ఉంటే మర జోలికి పోకుండా ఎపాక్సీ జిగురు చుక్కతో సరిపెట్టు. చక్రాలు బాగుంటే ఇరుసులు ఊడదీయనే వద్దు, టేపు చుట్టి కప్పెయ్యి.

రంగు ఊడదీయడానికి కాస్టిక్ సోడాలో వేయమని చెప్పేవారు దొరుకుతారు. వినకు. క్షారమూ ఆమ్లమూ రెండూ జింక్‌ను తినేస్తాయి. లోహానికి పనికొచ్చే జెల్ రకం స్ట్రిప్పర్ తీసుకుని, గాలి ఆడే చోట, డబ్బా మీద రాసినంత సేపే ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో తోము. మూలల్లో చెక్క పుల్ల వాడు. ఉక్కు సూది ఆ మెత్తని లోహం మీద గీతలు పెడుతుంది.

ఉట్టి జింక్ మీద నేరుగా ఎనామిల్ వేస్తే కొన్నాళ్లకు పొరలుగా లేచిపోతుంది. లోహాన్ని గట్టిగా పట్టుకునే అడుగు పూత, ఎచ్ ప్రైమర్, పలచగా ఒక్కసారి తప్పనిసరి. ఇక్కడి నుంచి నీ పట్టుదలంతా పలచదనం మీదే ఉండాలి. ఆ కారు పొడవు పది సెంటీమీటర్లు. దాని పక్కల మీద గాలి కోసం ఉన్న చీలికలు చూశావా, ఒక్కొక్కటీ వెంట్రుకంత. డ్రైవరు ముఖంలో ముక్కు కూడా పోతలోనే ఉంది. ఒక దట్టమైన పూతతో అవన్నీ మునిగిపోతాయి. స్ప్రే డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే తుంపర సన్నగా వస్తుంది. పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకెళ్లకు. ఇరవై సెంటీమీటర్ల దూరం నుంచి, కారు బయట మొదలుపెట్టి కారు దాటాక ఆపు. మొదటి పూత తర్వాత కింది రంగు కనిపిస్తుంటే కంగారు పడకు, అలాగే కనిపించాలి.

పసుపు ముందు, నీలం తర్వాత. పసుపు ఆరిందో లేదో వేలితో కాదు, ముక్కుతో తెలుసుకో. వాసన పూర్తిగా పోయేదాకా టేపు అంటించకు. టేపు అంచు వెంట మళ్లీ పలచగా పసుపే ఒకసారి కొట్టి, ఆరాక నీలం కొడితే అంచు దాటి కారదు. ఎనామిల్ మీద ల్యాకర్ వేయకు, ముడుచుకుపోతుంది. ఇప్పటి అద్దంలాంటి క్లియర్ కోటు కూడా వద్దు. ఆనాటి కార్ల మెరుపు కొంచెం మసకగా ఉండేది, తడిసినట్టు ఉండేది కాదు. నీ కారు మీద నంబరు 5 ఉండాలి. నంబరు ముద్రించిన పలచటి స్టిక్కరు, అంటే డెకాల్‌ను, నీటిలో నాననిచ్చి, కాగితం మీది నుంచి జారవిడిచి, తడి బ్రష్‌తో సరిచూసి, పొడి గుడ్డతో నీళ్లు అద్ది తీసెయ్యి.

బిగించే ముందు అడుగు రేకు లోపలి వైపు సన్నటి పెన్నుతో నీ పొడి అక్షరాలూ, తిరిగి రంగు వేసిన సంవత్సరమూ రాయి. ఏదో ఒకనాడు అది నీ చేయి దాటి ఇంకొకరి చేతికి వెళ్తుంది. దాన్ని ఫ్యాక్టరీ రంగని అనుకుని ఎవరూ మోసపోకూడదు. అమ్మినా, ఊరికే ఇచ్చినా, నోటితో కూడా చెప్పు.

ఇప్పటికి ఇంతే. తర్వాత ఎప్పుడైనా 1956 నుంచి వచ్చిన కోర్గీ అనే కంపెనీ బొమ్మ కార్లు నీకు దొరికితే, విప్పకముందే నాకు రాయి. వాటిలో చాలావాటికి ప్లాస్టిక్ కిటికీలు ఉంటాయి, స్ట్రిప్పర్ తగిలితే కరిగిపోతాయి, పద్ధతి వేరు. ఆల్కహాల్ పరీక్ష చేశాక ఆ దూది పుల్ల ఫొటో పంపు. ఎరుపు ఒక్కటే అంటిందా, నీలం కూడా వచ్చిందా చూసి, మిగతాది చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న