ఎదురుచూపు వేరు, వాయిదా వేరు

ప్రశ్న: నా వయసు 36 సంవత్సరాలు. పెళ్లయి ఐదేళ్లయినా పిల్లలు కలగలేదు. మూడేళ్ల క్రితం నేను పరీక్షలు చేయించుకుంటే లోపమేమీ లేదన్నారు. మావారు తాను కూడా చేయించుకుంటానని ప్రతిసారీ మాట ఇస్తారు, ఆ తరువాత ఏదో ఒక కారణం చెబుతారు. గట్టిగా అడిగితే "దేవుని సమయం వస్తుంది, ఓపిక పట్టు" అంటారు. ఆసుపత్రికి వెళ్లడమే అవిశ్వాసమని మా అత్తగారి అభిప్రాయం. ఈమధ్య ప్రార్థనకు మోకరిస్తే కోపమూ ఏడుపూ తప్ప మరేమీ రావడం లేదు. ఎవరైనా గర్భవతి అయ్యారని తెలిస్తే ఆ రోజంతా మనసు మనసులో ఉండదు. నా విశ్వాసం సన్నగిల్లిందా? ఓర్పు నేర్చుకోవడం ఎలా?

సమాధానం: మూడేళ్లుగా అదే మాట వింటూ, ఇంట్లో గొడవ రానివ్వకుండా నెట్టుకొస్తున్న మీకు ఓర్పు లేదని నేను అనుకోవడం లేదు. మీ నిరీక్షణలో రెండు విషయాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయాయి. సంతానం కలగడం మనుషుల చేతిలో పూర్తిగా ఉన్న పని కాదు కాబట్టి, దానికోసం దేవునిమీద ఆధారపడి కనిపెట్టుకొని ఉండడంలో అర్థముంది. మీ భర్త ఒక పరీక్ష చేయించుకోవడం మాత్రం ఆయన చేతిలోనే ఉంది. దానిని కూడా దేవుని సమయానికి వదిలేస్తే వాయిదాకు భక్తి పేరు పెట్టినట్టవుతుంది.

ఓర్పు ఎక్కడ నుంచి వస్తుందో తెలిపే ఒక ప్రయోగాన్ని ఇక్కడ చెప్పాలి. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం 28 మంది చిన్నపిల్లలతో చేసిన ఆ ప్రయోగం 2013లో ప్రచురితమైంది. బొమ్మలు వేసుకోవడానికి మంచి సామగ్రి తెస్తామని పిల్లలందరికీ చెప్పి, సగం మందికి తెచ్చి ఇచ్చారు, మిగతా సగం మందికి వట్టి చేతులతో తిరిగి వచ్చారు. ఆ తరువాత ప్రతి ఒక్కరి ముందూ ఒక మిఠాయి ఉంచి, తినకుండా ఆగితే ఇంకొకటి ఇస్తామన్నారు. మాట నిలబెట్టుకోవడం చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగితే, మాట తప్పడం చూసిన పిల్లలు సుమారు 3 నిమిషాలే ఆగారు. ఓర్పుకు పుట్టుకతో వచ్చే స్వభావం ఒక్కటే చాలదనీ, చుట్టూ ఉన్నవారి మాటమీద నమ్మకం కూడా కావాలనీ దీనినిబట్టి తెలుస్తుంది. మీ సహనం తరిగిపోవడానికి మీ భర్త ఇచ్చి తప్పిన మాటలే ప్రధాన కారణమని నా అభిప్రాయం. దేవునిమీద కోపమని మీరు అనుకుంటున్నదానిలో చాలా భాగం భర్తకు చెప్పలేకపోయిన కోపమై ఉండవచ్చు.

ప్రార్థనలో ఏడుపు రావడం అవిశ్వాసమైతే, బైబిలులోని హన్నాను ముందుగా తప్పుపట్టవలసి వస్తుంది. పిల్లలు లేని ఆమెను సవతి పెనిన్నా విసిగించేది. భర్త ఎల్కానా ఆమెను ప్రేమించినవాడే అయినా, పదిమంది కుమారులకంటే నేను ఎక్కువ కానా అని అడిగి ఊరుకున్నాడు. ఆమె దుఃఖాన్ని ఆ ప్రశ్న తీర్చలేదు. మందిరంలో పెదవులు కదలడమే తప్ప స్వరం వినబడకుండా ఆమె ఏడుస్తూ ప్రార్థిస్తుంటే, యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. భక్తుల మధ్యకూడా దుఃఖాన్ని తప్పుగా చదివేవారు ఉంటారనడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కరలేదు. ఆమె మాత్రం మౌనంగా తలవంచలేదు, తనది బహుగా దుఃఖాక్రాంతమైన మనసని ఆయనకే జవాబు చెప్పింది. ఆ తరువాత వెళ్లి భోజనం చేసింది, ఆమె ముఖంలో మునుపటి దిగులు లేదు. బిడ్డ కలగడం ఇంకా తరువాతి మాట. ఉన్న దుఃఖాన్ని ఉన్నట్టుగా దేవుని ముందు పెట్టడమే విశ్వాసమని ఆ కథ చెబుతుంటే, మీ కన్నీళ్లకు మీరు సిగ్గుపడవలసిన పని లేదు.

ఇక వైద్యం సంగతి. ఏడాదిపాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే పరీక్షలు చేయించుకోవాలని, స్త్రీ వయసు 35 దాటితే ఆరు నెలలకే వైద్యులను కలవాలని సాధారణంగా సూచిస్తారు. సంతానం ఆలస్యమయ్యే జంటలలో దాదాపు సగం మందిలో పురుషునికి సంబంధించిన కారణం ఒంటరిగానో, స్త్రీ వైపు కారణంతో కలిసో ఉంటుంది. అందువల్ల మీ ఒక్కరి పరీక్షలతో చిత్రం పూర్తికాదు. వీర్యపరీక్ష నొప్పి లేనిది, రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండి నమూనా ఇస్తే సరిపోతుంది. మూడేళ్లు గడిచాయి కాబట్టి మీ పరీక్షలలో కొన్నింటిని కూడా మళ్లీ చేయవలసి రావచ్చు. ముప్పైల రెండవ సగంలో అండాల సంఖ్య, నాణ్యత తగ్గే వేగం పెరుగుతుంది. అలాగని రేపే అంతా ముగిసిపోతుందని భయపడనక్కరలేదు, ఇంకో మూడేళ్లు ఇలాగే గడపడం మాత్రం మంచిది కాదు.

మీ వారితో మాట్లాడేటప్పుడు "మీరెప్పుడూ ఇంతే" అని మొదలుపెట్టకండి. పరీక్షను తప్పించుకునే పురుషులలో చాలామందిని వెనక్కి లాగేది నిర్లక్ష్యంకంటే భయమే, లోపం తనదని తేలితే తన మగతనానికి మచ్చ వస్తుందన్న భయం. ఇద్దరూ ప్రశాంతంగా ఉన్న సమయం చూసి, ఫలితం ఏదైనా అది మన ఇద్దరిదీ అని ముందుగా చెప్పండి. "దేవుని సమయంకోసం మీతోపాటు నేనూ చూస్తాను, అయితే మన వంతు పని ముగించి చూద్దాం" అని అడగండి. "చూద్దాంలే" అన్న జవాబుతో లేవకుండా, తేదీ నిర్ణయించి, ఆ రోజు మీరు కూడా వెంట వెళ్లండి. ఆ తేదీ కూడా దాటిపోతే, ఆయన గౌరవించే సంఘకాపరినిగాని కుటుంబ సలహాదారునిగాని మధ్యలోకి తీసుకురావడానికి సంకోచించవద్దు.

ఇతరుల శుభవార్త విని మనసు బాధపడడం సహజం, దానిని అసూయ అని మీరే తీర్పు చెప్పుకోకండి. అభినందన ఒక్క వాక్యంలో చెప్పి ఆ వేడుకకు వెళ్లకుండా ఉండే స్వేచ్ఛ మీకుంది. ఎదురుచూసే కాలంలో మనసుకు మళ్లింపు ఎంత వెతికినా ఆందోళన పూర్తిగా పోదు. కాలం తెలియకుండా మునిగిపోయే పని ఉన్నప్పుడు మాత్రం ఆ రోజులు కాస్త తేలికవుతాయి. మీకు అలాంటి పని ఏదో మీకే తెలియాలి. నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి కొనసాగితే మానసిక వైద్యుని కలవండి, ప్రార్థన మానవలసిన అవసరం అందులో లేదు.

పరీక్షలు ముగిసినా బిడ్డ కలుగుతుందని నేను మాట ఇవ్వలేను. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు అని చెప్పుకున్న బాధ తొలగాలని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నా అది తొలగిపోలేదు, అది ఆయన విశ్వాసంలో లోపమని ఎవరూ అనలేదు. మీ విషయంలో ఎవరైనా అలా అంటే ఆ మాటను లెక్కలోకి తీసుకోకండి.

అత్తగారికి జవాబు చెప్పే బాధ్యత మీది కాదు, మీ వారిది. పరీక్ష తేదీ ఆమెకు ముందే చెప్పాలా, ఫలితం వచ్చాక చెప్పాలా అన్నది మీరిద్దరే మాట్లాడుకుని నిర్ణయించుకోండి. ఆమె కోడలినే అడిగితే, "ఆయనే మీతో మాట్లాడతారు, అత్తయ్యా" అన్న మాట సరిపోతుంది.