సంతకం ఎవరిదో, తేదీ ఎప్పటిదో ముందు చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యాధికారుల పదోన్నతులపై నీవు రాస్తున్న సిద్ధాంత వ్యాసం తొలి అధ్యాయం చదివాను. యుద్ధ వర్ణనలు బాగున్నాయి గాని, ఎవరు ఎక్కడ గెలిచి ఏ హోదాకు ఎదిగారన్న వరుసలోనే అధ్యాయమంతా నడిపించావు. ఈ చరిత్రను ఎంతో కాలం బోధించినవాడిగా చెబుతున్నాను, ఆనాటి హోదాలన్నీ రణరంగంలో వచ్చినవి కావు. ఏ అధికారి గురించి రాయబోయినా ముందు అతని కమిషన్, అంటే అధికారిగా నియమించే పత్రం, ఎవరిచ్చారో, దానిపై ఏ తేదీ ఉందో చూడు.

యుద్ధం మొదలైన 1861 ఏప్రిల్‌లో సుమారు 16,000 మందే ఉన్న సైన్యానికి తోడుగా లింకన్ 75,000 మంది మిలీషియాను, అంటే రాష్ట్రాల పౌర సైనికులను, పిలిచాడు. రెజిమెంట్లను రాష్ట్రాలే సమకూర్చాయి కనుక కల్నళ్లను గవర్నర్లు నియమించారు. కెప్టెన్లను, లెఫ్టినెంట్లను చాలాచోట్ల సైనికులే ఓట్లేసి ఎన్నుకున్నారు. ఆ జూలైలో వచ్చిన చట్టం అధికారుల యోగ్యతను పరీక్షించే బోర్డులకు వీలు కల్పించింది. ఆ పరీక్షకు జంకి రాజీనామా చేసినవారి సంగతి నీ అధ్యాయంలో తప్పక ఉండాలి.

ఒకే హోదా ఉన్నవారిలో ముందు తేదీ ఉన్నవాడే పై అధికారి. తేదీ ఎంత పని చేసిందో ఉత్తరాది సేనాని గ్రాంట్ ఉదంతం చూపుతుంది. 1861 ఆగస్టులో అతడు బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు గాని, కమిషన్‌పై వేసిన తేదీ మే 17. ప్రెంటిస్ అనే మరో బ్రిగేడియర్ జనరల్‌కూ అదే తేదీ. అతడు గ్రాంట్ కింద పనిచేయనని పట్టుబట్టాడు. గ్రాంట్ పూర్వం రెగ్యులర్ సైన్యంలో కెప్టెన్‌గా ఉన్నందున సీనియారిటీ గ్రాంట్‌దే అయింది.

రాజకీయ జనరళ్లను, అంటే రాజకీయ పలుకుబడి వల్ల జనరళ్లయినవారిని, నీవు ఒక్క పేరాలో కొట్టిపారేయడం నాకు నచ్చలేదు. 1864 వసంతంలో రెడ్ రివర్ దగ్గర బ్యాంక్స్, న్యూ మార్కెట్‌లో సీగెల్, బెర్ముడా హండ్రెడ్‌లో బట్లర్ విఫలమైన మాట నిజమే, వారి చేతకానితనానికి సైనికులు ప్రాణాలిచ్చారు. అయినా సీగెల్ పేరు చెబితే జర్మన్ వలసదారులు సైన్యంలో చేరేవారు. బట్లర్‌ను ఎన్నికల ఏడాదిలో కదిలించడం కష్టం కనుక 1865 జనవరిలో గాని తప్పించలేదు. రాజకీయాల నుంచే వచ్చిన లోగన్ మాత్రం దిట్టమైన సేనాని. అట్లాంటా దగ్గర తన సైన్యాధిపతి మెక్‌ఫర్సన్ మరణించగానే లోగన్ సైన్యాన్ని నిలబెట్టినా, పై సేనాని షెర్మన్ ఆ సైన్యాధిపతి పదవిని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదివిన హోవర్డ్‌కు ఇచ్చాడు. లోగన్‌కు అన్యాయమే జరిగిందని నా అభిప్రాయం. నీవు ఆధారాలు చూసి నిర్ణయించుకో.

నాయకత్వం ఎలా అలవడుతుందో చూపడానికి చాంబర్లేన్‌ను తీసుకో. కళాశాల ఆచార్యుడైన అతడు మెయిన్ రాష్ట్ర గవర్నర్ ఇవ్వజూపిన కల్నల్ పదవిని వద్దని, ముందు పని నేర్చుకుంటానంటూ లెఫ్టినెంట్ కల్నల్‌గా చేరాడు. వయసులో తనకంటే చిన్నవాడైన తన రెజిమెంట్ కల్నల్ ఏమ్స్ దగ్గర యుద్ధ విద్య అభ్యసించాడు. 1863 జూలై 2న గెటిస్‌బర్గ్ యుద్ధంలో లిటిల్ రౌండ్ టాప్ గుట్ట మీద తూటాలు అయిపోవస్తుంటే బయొనెట్లతో దాడికి దిగమని ఆజ్ఞాపించగలిగింది ఆ అభ్యాసం ఉన్న మనిషే.

చివరగా, గౌరవార్థం ఇచ్చిన బ్రెవెట్ హోదాలను అసలు హోదాలతో కలిపేశావు. 1865 మార్చి 13 తేదీతో అవి కుప్పలుగా ఇచ్చారు. వాటిని వేరే పట్టికలో పెట్టి, రెండో అధ్యాయంతోపాటు పంపు.

మామయ్య