సమాధానం: చెరువు మూలన వేసిన మేటను తోడించాలా?

మీ కాలనీ చెరువులో నాలా కలిసే చోట మేట వేసి జమ్ము పెరిగిందనీ, అసోసియేషన్ వాళ్లు జేసీబీ పెట్టి మొత్తం తోడించేద్దామంటున్నారనీ రాశారు. మొత్తం మాత్రం వద్దండీ.

వేగంగా వచ్చే నీళ్లు చెరువులోకి రాగానే నెమ్మదిస్తాయి. ముతక ఇసుక అక్కడే దిగిపోతుంది, సన్నటి బంకమన్ను ఇంకాస్త లోపలికి పోయి నిదానంగా పేరుకుంటుంది. గోదావరి సముద్రంలో కలిసే చోట జరిగేదీ ఇదే, కోరింగ మడ అడవులు నిలబడ్డది ఆ ఒండ్రు మీదే. చీలమండ లోతు నీళ్లున్న ఆ బురదలోనే పురుగులూ నత్తలూ ఉంటాయి. ఉల్లంకి పిట్టలు ముక్కు గుచ్చి ఏరుకునేది వాటినే. అంతా ఒకే లోతుకు తవ్వితే చెరువు కాస్తా స్విమ్మింగ్ పూల్ అవుతుంది. నీళ్లు కనిపిస్తాయి, పిట్టలు రావు.

అలాగని వదిలేస్తే ఏళ్లు గడిచేకొద్దీ మేట ముందుకు జరిగి చెరువు పూడిపోతుంది, నిజమే. (ఆ ఎండిన నేల మీద ఎవరి కన్ను పడుతుందో హైదరాబాద్‌లో చెప్పక్కర్లేదు.) అందుకని నాలా చెరువులో కలవకముందే ఒక గుంట తవ్వించండి, ఇసుక, చెత్త చాలావరకు అక్కడే ఆగుతాయి, ఏటా వానలకు ముందు దాన్ని ఖాళీ చేయించాలి. చెరువులో లోతు ఎక్కువున్న వైపే, కట్టకు కాస్త ఎడంగా పూడిక తీయించి, ఒడ్డును వాలుగా వదలండి. జమ్మును ఒక ఏడాది సగం, మరో ఏడాది మిగతా సగం కోయించండి. నీటిపారుదల శాఖ అనుమతి లేకుండా జేసీబీ దించొద్దు.

తీసిన మట్టిని రైతులకు ఇస్తామన్నారు కదా, ఊరి చెరువు మట్టి అయితే పొలానికి మంచిదే. మురుగు కలిసే సిటీ చెరువు మట్టిలో సీసం, క్రోమియం లాంటివి ఉండొచ్చు. ముందు ల్యాబ్‌లో టెస్ట్ చేయించండి.